తాతగారి పెట్టెలో చార్మినార్ రూపాయలు, కల్దార్లు: ఏది ఏమిటో, ఎంత చేస్తుందో ఎలా తేల్చుకోవాలి?

పాలమూరు_పెట్టె:

అందరికీ నమస్కారం. మా తాతగారి ఇనప్పెట్టె పంపకానికి వచ్చింది. ముగ్గురం అన్నదమ్ములం, మాలో ఎవరికీ నాణేల గురించి ఓనమాలు తెలియవు. లెక్కపెడితే తేలినవి ఇవి.

చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలు 38. రాణి, రాజు తలకాయలున్న బ్రిటిష్ రూపాయలు 27. వెండి అనిపించే చారానాలు, ఆఠానాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. చిల్లి కానీలు, వంకర అణాలు, నయా పైసలు కలిపి నాలుగు కిలోల దాకా ఉంటాయి. ఒక వైపు రాముల వారి పట్టాభిషేకం, రెండో వైపు 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818' అని ఉన్న రాగి బిళ్ళలు రెండు. శనగ బద్ద కంటే కొంచెం పెద్దదిగా, మందంగా ఉన్న బంగారు బిళ్ళ ఒకటి.

సగం నాణేలు నల్లబడ్డాయి. కొన్నిటికి ఏళ్ళ తరబడి లక్ష్మీపూజలో పెట్టిన పసుపు, కుంకుమ పట్టేసి ఉంది. చింతపండుతో తోమి ఫోటోలు పెట్టమంటారా? వెండి కొట్టాయన మొత్తం ఒకేసారి తూకం వేసి తీసుకుంటానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

హాలీసిక్కా:

ముందు చింతపండు గిన్నె పక్కన పెట్టేయండి. పీతాంబరి, టూత్‌పేస్టు, విభూతి, నిమ్మకాయ, ఏదీ వద్దు. నల్లదనం వెండికి పట్టే సహజమైన పొర, దాని వల్ల ధర తగ్గదు. తోమితే పడే సన్నగీతలు మాత్రం మళ్ళీ పోవు. నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచినప్పుడు వెలుగు గుండ్రంగా తిరగకుండా జుట్టులాంటి గీతలు మెరిస్తే, అది తోమిన నాణెమని కొనేవాడికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. అరుదైన నాణెమైతే ఆ ఒక్క కారణానికే సగం ధర పోవచ్చు.

పసుపు కుంకుమలకి ఒక్కటే దారి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టండి. బ్యాటరీలో పోసే నీళ్ళ సీసా కొనేటప్పుడు లేబుల్ చూసుకోండి, యాసిడ్ కలిసినది కాకూడదు. తీశాక రుద్దకుండా మెత్తని నూలుగుడ్డ మీద అద్ది ఆరబెట్టండి. నూనె జిడ్డు మిగిలితే కెమికల్ షాపులో దొరికే స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, పది నిమిషాలు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో రంగు, సువాసన కలుపుతారు కాబట్టి అది పనికిరాదు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. రాగి నాణేలకి ఇవేవీ చేయకండి, ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

ఇక చార్మినార్ రూపాయలు. ఇవి నిజాం రాజ్యం హాలీ సిక్కా. కమాను మధ్యలో ఒక చిన్న అక్షరం ఉంటుంది, మొదట చూడాల్సింది అదే. ముడివేసిన చుక్కలా గుండ్రటి తలతో కిందికి తోక ఉంటే అది 'మీమ్', ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం. నోరు తెరిచిన కొక్కెంలా ఉంటే 'ఐన్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఈ ఐన్ కొన్నిటిలో తల మాత్రమే ఉండి పొట్టిగా కనిపిస్తుంది, మరికొన్నిటిలో తోకతో పూర్తిగా ఉంటుంది. సేకరించేవాళ్ళు రెండిటినీ వేరు రకాలుగా లెక్కేస్తారు కాబట్టి మీరూ వేరుగా పెట్టండి.

తర్వాత సంవత్సరం. చార్మినార్ చుట్టూ ఉన్న రాతలో 92 అని ఒక అంకె కనిపిస్తుంది. కొత్తవాళ్ళు నూటికి తొంభైమంది దాన్ని సంవత్సరం అనుకుంటారు. అది ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువల మొత్తం, తేదీ కాదు. మీకు కావలసింది 13తో మొదలయ్యే నాలుగంకెల హిజ్రీ సంవత్సరం. వెనకవైపు విడిగా ఒకటో రెండో అంకెలుంటే అది నిజాం గద్దెనెక్కి ఎన్నో ఏడో చెబుతుంది.

ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకి వెళ్ళినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. 1 నిలువు గీత. 2 అంటే ఆ గీత తలమీద ఒక కొక్కెం, 3 అంటే రెండు కొక్కేలు. 5 తలకిందులుగా పెట్టిన తమలపాకు. 7 నోరు పైకి తెరిచిన గరాటు, 8 బోర్లించిన గరాటు. 9 మన 9 లాగే. సున్నా ఒట్టి చుక్క, అరిగిన నాణెంలో అది మాయమైపోతుంది. మూడంకెలే కనిపించి నాలుగో చోటు ఖాళీగా ఉంటే అక్కడ చుక్క ఉండేదేమో భూతద్దంతో చూడండి.

హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1337 అయితే 1296.9, దానికి 622 కలిపితే 1918.9, అంటే 1918-19. హిజ్రీ ఏడు మన ఏడు కంటే సుమారు 11 రోజులు తక్కువ, అందుకే సూటిగా 579 కలపడమో 580 కలపడమో చేస్తే తప్పు లెక్క వస్తుంది.

తక్కెడ:

హాలీసిక్కా గారు చెప్పినట్టు రాత చదవడం ముఖ్యమే గానీ, కొత్తవాళ్ళకి తక్కెడ చెప్పేది ముందు అర్థమవుతుంది. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం కొనండి, ఆన్‌లైన్‌లో చవకే. ఒక్కో నాణెం విడివిడిగా తూచి రాయండి. తెలిసి ఉండాల్సిన అంకెలు ఇవి.

బ్రిటిష్ రూపాయి, అంటే మీ పెద్దవాళ్ళు కల్దార్ అనేది, 11.66 గ్రాములు, అడ్డంగా కొలిస్తే 30.5 మిల్లీమీటర్లు. 1835 నుంచి 1939 దాకా వెండి నూటికి 91.7 పాళ్ళు. అంటే బిళ్ళకి 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి. ఆఠానా 5.83, చారానా 2.92, బేడ (రెండణాలు) 1.46 గ్రాములు తూగుతాయి.

1940 నుంచి 1945 వరకు రూపాయి బరువు అదే, వెండి మాత్రం సగమే. బిళ్ళకి 5.83 గ్రాములు. ఈ తేడా పట్టించుకోకుండా అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు కూడా చాలామంది.

నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8. అంటే 9.14 గ్రాములు. ఆఠానా 5.59, చారానా 2.79.

1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉన్నది, వెండి కాదు, ఒట్టి నికెల్.

ఇప్పుడు మీ కొట్టాయన సంగతి. మొత్తం ఒకేసారి తూచి 'సగటున 70 టచ్', అంటే నూటికి 70 పాళ్ళే వెండి, అన్నాడనుకోండి. 27 కల్దార్లలో 6 మాత్రం 1940 తర్వాతవి అనుకుని లెక్కేద్దాం. 38 చార్మినార్‌లలో స్వచ్ఛమైన వెండి 347 గ్రాములు, 21 పాత కల్దార్లలో 224, ఆరు సగం వెండి బిళ్ళల్లో 35. మొత్తం 606 గ్రాములు. అన్నీ కలిపి తూకం 740 గ్రాములు కాబట్టి 70 చొప్పున ఆయన ఇచ్చేది 518 గ్రాముల ధరే. తరుగు తీయకముందే దాదాపు 90 గ్రాముల వెండి గల్లంతు. మూడు కుప్పలు మూడు తూకాలుగా వేయించండి.

ఇంకొకటి, తులం. అసలు తులం అంటేనే ఈ కల్దార్ రూపాయి ఎత్తు, 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్లలో తులం అంటే 10 గ్రాములు. 'బిళ్ళకి తులం వెండి ఇస్తా' అన్న మాటలో ఏ తులమో అడగండి.

అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే నకిలీ.

కల్దార్_1862:

తక్కెడ గారూ, చివరి మాట సరిదిద్దాలి. వెండి బిళ్ళ అంటుకుంటే నకిలీ అన్నది నిజమే. కానీ నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. 1947 పులి రూపాయి, 1946-47 నికెల్ అర్ధరూపాయి, నిజాం చివరి రోజుల్లో వచ్చిన నికెల్ అణాల బిళ్ళలు, 1950 తర్వాతి నికెల్ రూపాయలు, అన్నీ అంటుకుంటాయి, అన్నీ అసలువే. ఈ ఒక్క వాక్యం నమ్మి మంచి నాణేలు పారేసేవాళ్ళున్నారు. ఇంకో వైపు, జర్మన్ సిల్వర్‌తో (పేరుకే వెండి, నిజానికి రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) పోసిన నకిలీ అయస్కాంతానికి అంటుకోదు. కాబట్టి అయస్కాంతం ఇనప నకిలీల్ని ఏరడానికి మాత్రమే.

వెండిని ఖాయం చేసుకోవాలంటే నీళ్ళ తూకం వేయండి. తక్కెడ మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెని సున్నా చేయండి. నాణేనికి సన్నని దారం కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. బుడగలు అంటుకుని ఉంటే దారం కొంచెం ఆడించి వదిలించండి. ఇప్పుడు తక్కెడ చూపించే అంకెతో నాణెం బరువుని భాగించండి. 91.7 వెండి అయితే 10.3 దగ్గర, నిజాం రూపాయి 10.2 దగ్గర, సగం వెండి 9.5 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వర్ 9 దాటదు. కల్దార్‌కి నీళ్ళలో 1.13 వస్తే నిశ్చింత, 1.3 వస్తే అనుమానం. బేడ అంత చిన్న బిళ్ళలకి ఈ పద్ధతి సరిపోదు, తక్కెడలో చివరి అంకె కదిలితేనే ఫలితం తారుమారవుతుంది.

ఇప్పుడు బ్రిటిష్ రూపాయల్లో చూడాల్సినవి. పాతదైతే అరుదు అనుకోకండి. 1840 అని ఉన్న విక్టోరియా రూపాయిని ఆ తేదీ మార్చకుండానే 1861 దాకా కొట్టారు. 1862 తేదీ 1874 దాకా నడిచింది, అందుకే అది వీధికొకటి దొరుకుతుంది. అందులో విలువ తేదీలో కాదు, వెనకవైపు ఉండే చిన్న చుక్కల్లో. పైన ఎన్ని, కింద ఎన్ని అని లెక్కపెట్టి రాసుకోండి. 1877 నుంచి రాణి కాస్తా చక్రవర్తిని అయింది, రాతలో ఆ మాట మారుతుంది. 1903 నుంచి 1910 దాకా కిరీటం లేని బట్టతల రాజు ఎడ్వర్డ్.

1918, 1919, 1920 రూపాయలు మీ దగ్గర ఎక్కువగా ఉంటాయని పందెం. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ వెండికి కటకట వచ్చినప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో చాలా భాగం మన రూపాయలైంది. అవి బాగా అరిగి ఉంటే వెండి ధరే.

విడిగా తీయాల్సినవి రెండు. ఒకటి 1911 జార్జ్ రూపాయి. రాజు అంగీ మీద హారంలో ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది, తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించి గొడవైంది. 1912 నుంచి తొండం సాగదీశారు. 1911 అని ఉంటే చాలు, ఏనుగుని పరీక్షించాల్సిన పని లేదు. 1912 నాణేన్ని 'పంది రూపాయి' అని అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం తేదీ చూడండి. రెండోది 1939, చాలా అరుదు. అది దొరికితే ఇక్కడ చెప్పండి, కొట్టాయనకి చూపించకండి.

పాలమూరు_పెట్టె:

చాలా థాంక్స్ అండీ. రెండు రోజులు కూర్చుని తూచాం. చార్మినార్‌లు 37 బిళ్ళలు 11.0 నుంచి 11.2 మధ్య ఉన్నాయి. ఒకటి మాత్రం 9.3, రంగు కూడా పాలిపోయి ఉంది. కల్దార్లలో 1862వి నాలుగు, 1911 లేదు. 1939 ఒకటి ఉంది! బరువు 11.61. ఇది నిజమైనదేనా?

బంగారు బిళ్ళ 3.38 గ్రాములు. ఒక వైపు కూర్చున్న ఇద్దరు దేవుళ్ళు, రెండో వైపు గింజలు చల్లినట్టు చుక్కలు, మధ్యలో వంపు తిరిగిన ఒక అక్షరం.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, తన వాటా అక్కడికి తీసుకెళ్ళి అమ్మితే ఎక్కువ వస్తుందంటున్నాడు. ఇంకో సంగతి, ఆ రాముల వారి బిళ్ళలకి ఫోన్‌లో ఒకాయన పాతిక లక్షలు చెప్పాడు, ముందు 'రిజిస్ట్రేషన్' కింద తొమ్మిది వేలు కట్టమన్నాడు.

కల్దార్_1862:

ముందు ఆ తొమ్మిది వేలు కట్టకండి. మిగతాది చిల్లికానీ గారు చెబుతారు, నేను 1939 సంగతి చూస్తాను.

ఈ తేదీ మీద నకిలీలు రెండు దారుల్లో తయారవుతాయి. 1940ల రూపాయిలో తేదీ మార్చడం ఒకటి, 1938లో 8ని 9గా చెక్కడం ఇంకొకటి. మొదటిది అంచు చూస్తే దొరుకుతుంది. నాణేన్ని నిలబెట్టి అంచు మీద దీపం పడేలా తిప్పండి. 1938, 1939 రూపాయల అంచులో నిలువు గాట్లు పైనుంచి కింద దాకా తెగకుండా ఉంటాయి. 1940 నుంచి దొంగనాణేల భయంతో గాట్ల మధ్య చుట్టూ ఒక కాలువ తీసి అందులో సన్నని నగిషీ పెట్టారు. మీ 1939 అంచులో ఆ కాలువ ఉంటే కథ అయిపోయినట్టే. నీళ్ళ తూకం కూడా వేయండి, 1.22 వస్తే సగం వెండి, 1.13 వస్తే ముందుకెళ్ళొచ్చు.

రెండో రకం కష్టం, ఎందుకంటే 1938కి వెండీ అంచూ 1939తో సమానం. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకుని చివరి అంకె చుట్టూ ఉన్న నున్నటి జాగా చూడండి. నాణెం ముద్రపడినప్పుడు వెండి ఒక్కసారిగా అచ్చులోకి ఒదుగుతుంది కాబట్టి అంకె గోడ, నేల (ఆ నున్నటి జాగా) కలిసేచోట ఒకే నునుపు ఉంటుంది. చెక్కిన దాంట్లో 9 పొట్ట కింద ఎడమవైపు గీకిన గుంట, లేదా ఆ ఒక్కచోట మాత్రం రంగు తేడా కనిపిస్తుంది. మొదటి 9, చివరి 9 పక్కపక్కన పెట్టి పోల్చండి, ఎత్తు, తోక వంపు, మందం ఒకేలా ఉండాలి. అతికించిన అంకె అయితే మొదట్లో సన్నని అతుకు గీత చుట్టూ తిరుగుతుంది.

ఇదంతా నెగ్గినా ఇంట్లో కూర్చుని 'అసలు' అనేయకండి. ఈ ఒక్క నాణేన్ని మాత్రం ఎన్‌జీసీ లేదా పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థకి (నాణెం అసలుదో కాదో, ఎంత అరిగిందో తేల్చి ధ్రువీకరించేవి) పంపడం దండగ కాదు. మిగతా 26 బిళ్ళలకి ఆ ఖర్చు పెడితే బిళ్ళ ధర కంటే ఫీజే ఎక్కువవుతుంది.

9.3 గ్రాముల చార్మినార్ పోత నకిలీ అనిపిస్తోంది. అంచు చుట్టూ వేలిగోరు నడపండి, రెండు అచ్చులు కలిసిన అతుకు తగులుతుంది. అక్షరాలు సబ్బుబిళ్ళ మీద రాతలా మొండిగా ఉంటాయి, నేల మీద గాలిబుడగల గుంటలుంటాయి. వేలికొన మీద నిలిపి పెన్సిల్‌తో కొట్టి, పక్కనే మంచి బిళ్ళని కొట్టి వినండి. వెండి సాగదీసి మోగుతుంది, పోత బిళ్ళ 'టక్' అని ఆగిపోతుంది. గచ్చు మీద వేసి మోగించకండి, అంచు నొక్కుకుపోతుంది.

చిల్లికానీ:

నేను రాగి మనిషిని, అందుకే ముందు రాముల వారి బిళ్ళలు. ఈస్ట్ ఇండియా కంపెనీ 1818లో పట్టాభిషేకం బొమ్మతో అర్ధణా గానీ అణా గానీ కొట్టలేదు. అవి తర్వాతి రోజుల్లో తయారుచేసిన ఊహా నాణేలు, తేదీలు 1616, 1717, 1818 అంటూ ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. పూజగదిలో పెట్టుకోవచ్చు, ధర రాగి ధరే. బిళ్ళ బియ్యం గింజల్ని లాగుతుందని చూపించి మోసం చేసే 'రైస్ పుల్లింగ్' ముఠాలు కూడా ఇవే బిళ్ళలు వాడతాయి, పోలీసు కేసుల్లో ఈ మాట మీరు వినే ఉంటారు. పాత రామటంకులని నిజంగానే ఉన్నాయి గానీ అవి గుడి ముద్రలు, చలామణీ నాణేలు కావు, వాటి మీద కంపెనీ పేరూ ఉండదు.

ఫోన్ ఆయన గురించి: కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. పాత నోట్లు, నాణేల కోసం తమ పేరు చెప్పి రుసుము, కమిషన్, పన్ను అడిగేవాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలు, ట్రాక్టర్ నోటు, 786 నంబరు, 1968 నుంచి 71 దాకా వచ్చిన కమలం ఇరవై పైసలు, లక్షలు పలుకుతాయని చెప్పేవన్నీ ఈ కోవలోవే. ఆ ఇరవై పైసల్లో బంగారం కలిసిందన్న మాట ఇప్పటికీ తిరుగుతోంది, అందులో బంగారం లేదు.

మీ నాలుగు కిలోల చిల్లరలో చాలాభాగం సెంటిమెంటు సరుకే. 1943 నుంచి 47 దాకా వచ్చిన చిల్లి కానీలు కోట్లలో కొట్టారు. నిజాం రాజ్యానికీ చిల్లి ఉన్న రెండు పైల బిళ్ళ ఉంది, ఉర్దూ రాత ఉంటుంది, రెండూ కలిపేయకండి. నయా పైసలు 1957 నుంచి 63 వరకు 'నయా' మాటతో, 64 నుంచి అది లేకుండా వచ్చాయి. వీటిలో తేదీ కింద టంకసాల గుర్తు చూడండి. చుక్కో వజ్రమో ఉంటే బొంబాయి, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు, ఏమీ లేకపోతే కలకత్తా. ఒకే ఏడాది నాణెం ఒక టంకసాలలో కోట్లు, ఇంకోదానిలో తక్కువ కొట్టిన సందర్భాలున్నాయి కాబట్టి గుర్తు రాయకుండా ధర చూడటం వృథా. గీతలు పడని, మెరుపు పోని ముక్కలు మాత్రమే విడిగా తీయండి.

చిల్లర గుట్టలో ఒక్కటి మాత్రం వెతకండి. మందంగా ఉన్న రాగి మీద 'రూపాయికి 48' అన్న అర్థంతో ఇంగ్లీషు రాత, 1794 లేదా 1797 తేదీ ఉంటే అది ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకసాలలో ఆవిరియంత్రంతో కొట్టించిన డబ్బు. అరిగినా అంత తేలిగ్గా వదిలేది కాదు.

హాలీసిక్కా:

బంగారు బిళ్ళ సంగతి. 3.4 గ్రాముల దగ్గర ఉన్న మందపాటి బిళ్ళ దక్షిణాదిలో వరహా. మీరు చెప్పిన గింజల నేల రెండు రకాల వరహాల మీద ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యలో నక్షత్రం ఉండి ముందువైపు ఒక్క దేవుడే ఉంటే అది మద్రాసు కంపెనీ వాళ్ళ నక్షత్ర వరహా. మధ్యలో కొడవలిలా వంగిన ఒకే అక్షరం, ముందువైపు కూర్చున్న శివపార్వతులు ఉంటే మైసూరు హైదర్ అలీది. ఆ అక్షరం ఆయన పేరులో మొదటి అక్షరం 'హే'. హైదర్ అలీ విజయనగర వరహాల మీది ఉమామహేశ్వరుల బొమ్మనే ఉంచి, వెనక తన అక్షరం మాత్రం వేయించాడు. విజయనగర వరహాలైతే వెనక నాగరి లిపిలో రాజు పేరు ఉంటుంది, కృష్ణదేవరాయల వాటి మీద వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు కూర్చుని ఉంటాడు. మీ వర్ణనని బట్టి ఇది హైదర్ అలీ వైపే మొగ్గుతోంది. రెండు వైపులా ఫోటో పెట్టండి.

ఈ బిళ్ళని కంసాలి దగ్గర ఒరిపిడి రాయి మీద గీయనివ్వకండి. ఆ గీత అంచు మీద జీవితాంతం ఉంటుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం (ఎక్స్‌రేతో లోహాన్ని గుర్తుపట్టేది) ఉన్న పెద్ద కొట్లోనో హాల్‌మార్కింగ్ కేంద్రంలోనో చూపించండి, నాణెం చెక్కుచెదరదు. అది పైపొరనే చదువుతుంది కాబట్టి బరువు, నీళ్ళ తూకం కూడా కలిపి చూడాలి. కొక్కెం అతికించిన గుర్తు ఉందా అని పైఅంచు చూడండి. కాసులపేరులో గుచ్చిన నాణేలకి ఆ మచ్చ ఉంటుంది, ఉంటే ధర బంగారం ధరకి దగ్గరగా పడిపోతుంది.

డాలస్ తమ్ముడికి గట్టిగా చెప్పండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన నాణెం పురావస్తువు, సొంతానికి దేశం దాటించకూడదు. సూట్‌కేసులో దొరికితే నాణెం పోతుంది, కేసూ మిగులుతుంది. ఈ గీత ఏటా ముందుకి జరుగుతుంది, హిజ్రీ 1343 రూపాయి కూడా ఇప్పుడు అటువైపే. 100 ఏళ్ళ లోపు వాటికైనా అవి పురావస్తువులు కావని పురావస్తు శాఖ కాగితం చేతిలో ఉంటే విమానాశ్రయంలో తలనొప్పి ఉండదు. పొలంలో తవ్వితే దొరికినవి మీ పెట్టెలో కలిసి లేవు కదా? ఉంటే అది వేరే కథ, 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకి చెప్పాలి.

తక్కెడ:

అయస్కాంతం విషయంలో నాదే తప్పు, కల్దార్ గారికి కృతజ్ఞతలు.

పంపకానికి ఒక మాట. మామూలు వెండి బిళ్ళల్ని సంఖ్యతో పంచకండి, ఒకరికి చార్మినార్‌లు, ఒకరికి కల్దార్లు వస్తే బిళ్ళకి గ్రామున్నర తేడా. స్వచ్ఛమైన వెండి గ్రాముల్లో పంచండి. 1939 రూపాయి, వరహా, అంతకుమించి బయటపడేవి ఏవైనా పంపకంలో కలపకుండా ముగ్గురి పేరున ఉంచి, ధర తేలాక డబ్బు పంచుకోండి.

ఒక నోటుబుక్కు పెట్టి ఒక్కో నాణేనికి ఒక నంబరు ఇవ్వండి. పేరు, తేదీ, టంకసాల గుర్తు, బరువు, అంచు, ఎక్కడ అరిగింది. అరుగుదల చూడటానికి ఎత్తుగా ఉండే చోట్లు చూడాలి. విక్టోరియాకి కిరీటం, చెంప మీది జుట్టు. జార్జ్‌కి చెవి, కిరీటం మీది శిలువ. చార్మినార్‌కి మినార్ల బాల్కనీ గీతలు, కమానులోని అక్షరం. అవి స్పష్టంగా ఉంటే వెండి ధర మీద ఎంతో కొంత ఎక్కువ అడగొచ్చు, మైనంలా నున్నగా ఉంటే అడగలేరు.

దాచడానికి మెత్తటి ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్ వద్దు. పీవీసీ అయితే కొన్నేళ్ళకి నాణెం మీద ఆకుపచ్చ జిగురు దిగుతుంది, రాగిని తినేస్తుంది. మైలార్ (పీవీసీ లేని పారదర్శక పాలిస్టర్ పొర) జేబులో, లేదా మైలార్ కిటికీ ఉన్న అట్టముక్కల మధ్య పెట్టండి. అట్ట పిన్నులు నాణేనికి తగలకుండా, బయటికి పొడుచుకు రాకుండా నొక్కేయండి. న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు దగ్గరికి రానీయకండి, వాటిలోని గంధకం వల్లే వెండి ఇంత నల్లబడేది. డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ధర చూసేటప్పుడు అమ్మకం ప్రకటనలు చూడకండి. ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్‌లలోని నాణేల వేలం సంస్థలు అమ్ముడైన ధరలు వెబ్‌సైట్లలో పెడతాయి, అదే రకం, అదే అరుగుదల ఉన్నవి మూడు నాలుగు చూడండి. రకం గుర్తుపట్టడానికి న్యూమిస్టా సైటు చాలు. వేలానికి ఇస్తే కమిషన్ ఎంత, అమ్ముడుపోకపోతే తిరుగు ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజులకి వస్తుంది, ఈ మూడూ రాతలో తీసుకోండి.

పాలమూరు_పెట్టె:

అంచు చూశానండీ. కాలువ లేదు, గాట్లు పైనుంచి కింద దాకా ఉన్నాయి. నీళ్ళలో 1.13 వచ్చింది. కానీ భూతద్దంలో చివరి 9 పొట్ట కింద ఒక సన్నటి గీత కనిపిస్తోంది, అది గీకిందో ముందునుంచీ ఉన్న దెబ్బో తెలియట్లేదు. 9.3 గ్రాముల చార్మినార్‌కి అంచులో అతుకు స్పష్టంగా తగిలింది.

కల్దార్_1862:

ఆ గీత 9 గోడని ఎక్కిందా, నేల మీదే ఆగిందా చూడండి. గోడ మీదుగా అంకె పైకి కూడా పాకితే చలామణీలో తగిలిన దెబ్బ అయ్యే అవకాశం ఎక్కువ. గోడ మొదట్లో ఆగి, అంకె వంపునే అనుసరిస్తూ తిరిగితే చెక్కిన ఉలి జాడ. దీపం పక్కనుంచి పడేలా పెట్టి, ఫోన్ కెమెరాని భూతద్దం మీద ఆనించి, మొదటి 9 ఒకటి, చివరి 9 ఒకటి, రెండు ఫోటోలు ఒకే దూరం నుంచి తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ వాడకండి, నీడ పోతే గీత కూడా పోతుంది.